భయస్మృతి, ఒత్తిడి హార్మోన్లు: అనంతపురం కరువు సాహిత్య విమర్శకు ఒక సవరణ

వ్యాససంగ్రహం

రాయలసీమ కరువు సాహిత్యాన్ని చర్చించేటప్పుడు 'భయం రక్తంలో ఇంకిపోయింది', 'శరీరం మరచిపోదు' వంటి మాటలను శాస్త్రనిర్ధారణలుగా వాడడం పరిపాటి అవుతోంది. ఒత్తిడి హార్మోన్లు భయస్మృతిని ఎలా రూపొందిస్తాయో చెప్పే పరిశోధనల వెలుగులో ఈ వాడుకను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కళ్యాణదుర్గం మెట్టసేద్యాన్ని నేపథ్యంగా తీసుకొని, 'పెన్నేటి పాట', 'జూదం', 'శప్తభూమి' రచనలను ఈ కోణంలో చదివే ప్రయత్నం ఇందులో ఉంది. కరువు భయాన్ని గాయపడిన స్మృతిగా మాత్రమే చదివితే, అందులోని వివేకం, అవమానం, అప్పు విమర్శకుడి చూపు నుండి తప్పిపోతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కరువు సాహిత్యం, భయస్మృతి, కార్టిసాల్, అనంతపురం, కళ్యాణదుర్గం, విద్వాన్ విశ్వం, సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి.

1. ఉపోద్ఘాతం

కరువుసీమ మనిషికి భయం పుట్టుకతో వస్తుందన్న మాట ఒకప్పుడు అలంకారం. వక్త ఉద్వేగంతో అన్నాడని శ్రోతలు గ్రహించేవారు. నాడీశాస్త్ర పదజాలం మానవీయ శాస్త్రాలలోకి ప్రవేశించిన తరువాత అదే మాట వేరే హోదాను పొందింది. కార్టిసాల్ అనే పదం పక్కన చేరగానే అలంకారం రుజువైన సత్యంలా కనిపించసాగింది. సిద్ధాంత గ్రంథాలలో ఈ రకమైన అన్వయాలు పెరుగుతున్న సమయంలో, ఆ శాస్త్రం నిజంగా ఏం చెబుతున్నదో, అది కరువుకు ఎంతవరకు వర్తిస్తుందో విచారించవలసి ఉంది.

ఈ విచారణకు కళ్యాణదుర్గం తగిన నేల. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువగా ఉన్న ఈ మెట్టప్రాంతంలో నేలలు అధికంగా ఎర్రనివి, లోతు తక్కువైనవి. జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దశాబ్దాలుగా ఇక్కడి ప్రధాన పంట వర్షాధారపు వేరుశనగ. ఇక్కడ భయానికి కారణమైనది ఒక రాత్రి జరిగిన సంఘటన కాదు. అది ఏటేటా మళ్లీ మొదలయ్యే నిరీక్షణ. భయస్మృతి శాస్త్రానికీ కరువు సాహిత్యానికీ మధ్య ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2. హార్మోన్లు స్మృతిని దృఢపరచే తీరు

ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రెండు రకాలుగా స్పందిస్తాయి. క్షణాలలో విడుదలయ్యేది అడ్రినలిన్. కొన్ని నిమిషాల తరువాత రక్తంలో పెరిగేది కార్టిసాల్. అడ్రినలిన్ మెదడులోకి సులభంగా ప్రవేశించలేదు. అది వేగస్ నాడి ద్వారా సంకేతం పంపి, మెదడులో నార్‌అడ్రినలిన్ విడుదలకు దోహదం చేస్తుంది. కార్టిసాల్ నేరుగా మెదడును చేరుతుంది. ఈ రెండింటి ప్రభావమూ అమిగ్డలా అనే భాగంలో కలుస్తుంది. అక్కడి నుండి వెలువడే ప్రేరణ, సంఘటనల స్థలకాలాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్‌ వంటి భాగాలపై పనిచేసి, అప్పుడే ఏర్పడుతున్న స్మృతిని స్థిరపరుస్తుంది. జేమ్స్ మెక్‌గా, బెనో రోజెండాల్ ప్రభృతుల దశాబ్దాల పరిశోధన సారం ఇది.

ఈ పరంపరలో సాహిత్య విద్యార్థికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే ప్రయోగం 1994లో లారీ కాహిల్, మెక్‌గా బృందం ప్రచురించింది. వారు వాడిన పరికరం ఒక కథ. తల్లితో కలిసి తండ్రి పనిచేసే ఆసుపత్రికి బయలుదేరిన బాలుడి కథను చిత్రాలతో సహా చెప్పారు. ఒక పాఠంలో బాలుడు దారిలో ఘోరప్రమాదానికి గురవుతాడు. మరొక పాఠంలో అవే చిత్రాలకు ప్రమాదం లేని మామూలు వ్యాఖ్యానం ఉంటుంది. వారం తరువాత పరీక్షించినప్పుడు, ప్రమాదకథ విన్నవారికి ఆ ఉద్వేగభరితమైన మధ్యభాగం ఎక్కువగా గుర్తుంది. కథకు ముందు ప్రొప్రనొలాల్ అనే మందు తీసుకొని, నార్‌అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకున్నవారిలో ఆ అదనపు స్మృతి కనిపించలేదు. కథలోని తక్కిన భాగాలు మాత్రం వారికీ ఇతరులతో సమానంగానే గుర్తున్నాయి.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. కంటికి కనిపించిన చిత్రాలు ఒకటే. వాటికి ఇచ్చిన అర్థం మారినప్పుడు హార్మోన్ల స్పందన మారింది, స్మృతి మారింది. కనుక శరీరం తనంతట తానే గుర్తుపెట్టుకుంటుందన్న వాదం ఈ ప్రయోగం ముందు నిలవదు. శరీరం స్పందించడానికి ముందు ఒక కథనం ఉంది.

ఇదే శాస్త్రం రెండవ ముఖాన్ని కూడా చూపింది. స్మృతిని స్థిరపరచే హార్మోనే, దానిని తిరిగి తలచుకునే వేళ అడ్డంకి కాగలదు. 1998లో డొమినిక్ డి క్వెర్వేన్ బృందం ఎలుకలలోనూ, 2000లో మనుషులలోనూ ఈ సంగతిని చూపింది. 2012లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగంలో మరో విపరీతం బయటపడింది. తీవ్రమైన ఆపదకు కార్టిసాల్ వంటి హార్మోను అధికంగా తోడైనప్పుడు, భయం తన అసలు కారణాన్ని వదిలి, ఆపదతో సంబంధం లేని ఒక ధ్వనికి అంటుకుంది. అంటే అధికమైన ఒత్తిడి స్మృతిని కేవలం బలపరచదు. దాని ఆనవాళ్లను తారుమారు కూడా చేయగలదు.

3. కరువుకు క్షణం లేదు

పై పరిశోధనలలో అధికభాగం ఒక స్పష్టమైన సంఘటనను ఆధారంగా చేసుకున్నవి. ఒక విద్యుదాఘాతం, ఒక ప్రమాదకథ, ఒక గంట, ఒక రోజు. తెలుగునేల మీద వాటికి దగ్గరగా వచ్చే ఉదాహరణ 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. ఉప్పెనకు తేదీ ఉంది, రాత్రి ఉంది, నీరు వచ్చిన దిక్కు ఉంది. దానిని చూసినవారు 'ఆ వేళ నేనెక్కడున్నాను' అని చెప్పగలరు.

కళ్యాణదుర్గం రైతును కరువు ఏ రోజు వచ్చిందని అడిగితే అతడు తేదీ చెప్పలేడు. మృగశిరలో మబ్బు పట్టి వెళ్లిపోతుంది. ఆరుద్రలో పదును దొరికితే విత్తనం పడుతుంది. అప్పటికే విత్తనానికీ ఎరువుకూ సేద్యానికీ డబ్బు ఖర్చయి ఉంటుంది. మొలక వచ్చాక బెట్ట. ఊడలు దిగే వేళకు నేలలో తడి ఉండాలి. కాయ ఊరే వేళకు మరొక వాన కావాలి. పీకి ఆరబెట్టిన కట్టె మీద మాత్రం వాన పడకూడదు. ప్రతి దశలోనూ ఆశకు కారణం మిగిలి ఉంటుంది. భయానికీ అంతే. పంట పోయిందని నిర్ధారణ అయ్యే నాటికి భయం నెలల పాటు సాగి, నిట్టూర్పుగా మారి ఉంటుంది.

ఈ రకమైన దీర్ఘకాలిక ఒత్తిడిని అర్థం చేసుకోవడానికి ఉపకరించే పరిశోధన, కళ్యాణదుర్గం కూలీలు వలసపోయే బెంగుళూరులోనే జరగడం విశేషం. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పది రోజుల పాటు రోజూ రెండు గంటలు నిర్బంధించిన ఎలుకలలో హిప్పోక్యాంపస్ నాడీకణాల శాఖలు కుదించుకుపోగా, అమిగ్డలాలో అవి విస్తరించాయి. 2004లో, ఒత్తిడి ఆగి మూడు వారాలు గడచినా అమిగ్డలాలోని మార్పు తగ్గలేదని చూపారు. ఒకే ఒక్కసారి రెండు గంటలు నిర్బంధించినా, మరునాడు కనిపించని మార్పు పది రోజుల తరువాత అమిగ్డలాలో బయటపడిందని 2005 నాటి మరొక అధ్యయనం తెలిపింది.

ఎలుక మెదడును మనిషి జీవితంతో సమానం చేయలేం. అయినా ఇక్కడ ఒక సూచన దొరుకుతుంది. ఒత్తిడి సాగినకొద్దీ 'ఎక్కడ, ఎప్పుడు' అన్న వివరాన్ని పట్టి ఉంచే భాగం బలహీనపడుతుంది, ఆందోళనకు మూలమైన భాగం పెరుగుతుంది. భయం మిగులుతుంది, దాని తేదీ మసకబారుతుంది.

వాన లేమికీ హార్మోనుకూ నేరుగా సంబంధం చూపిన అధ్యయనం కెన్యాలో జరిగింది. అక్కడి పేదరైతులలో వర్షపాతం తగ్గినప్పుడు కార్టిసాల్ పెరిగిందనీ, సేద్యం తప్ప మరో ఆదాయం లేనివారిలో ఆ ప్రభావం అధికమనీ షెమాఁ, డి లాట్, హౌషోఫర్ 2013లో తెలిపారు. ఇందులో గ్రహించవలసినది హార్మోను పెరుగుదల ఒక్కటే కాదు. అదే ఆకాశం కింద ఉన్నవారిలో ఎవరికి మరో ఆధారం ఉందన్నదాన్ని బట్టి శరీరాల స్పందన మారింది.

4. రచనలు చెప్పినది

4.1 పెన్నేటి పాట: భయంలోని అవమానం

అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం (1915-1987) కావ్యం 'పెన్నేటి పాట' 1956లో గ్రంథంగా వెలువడింది. నీరులేని పెన్న, బతికి చెడిన కుటుంబం నుండి కూలిగా మారిన రంగన్న, నిండుచూలాలైన గంగమ్మ ఈ కావ్యానికి కేంద్రం. దీనిని ఆకలి కావ్యంగా చదవడం వాడుక. అది సరైనదే గాని, చాలదు. రంగన్న బాధలో ఆకలితో పాటు పూర్వస్థితి ఎరుక ఉంది. నలుగురి కళ్లముందు దిగజారిన మనిషి అతడు.

ఒత్తిడి శాస్త్రం ఈ పఠనానికి ఊహించని బలం చేకూరుస్తుంది. 2004లో శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 208 ప్రయోగ అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఫలితం తన చేతిలో లేకపోవడం, అదే సమయంలో ఇతరులు తనను తక్కువగా అంచనా వేస్తారన్న ఆందోళన, ఈ రెండూ కలిసినప్పుడు కార్టిసాల్ స్పందన అన్నిటికన్నా అధికమని వారు తేల్చారు. 1950ల తొలినాళ్లలో రాయలసీమలో వెలసిన గంజి కేంద్రాల ముందు నిలబడిన రైతును ఈ వెలుగులో తలచుకోవాలి. ఒకప్పుడు కళ్లంలో పదిమందికి కొలిచి ఇచ్చిన చేయి ఇప్పుడు గిన్నె పట్టుకుంది. వాన తన చేతిలో లేదు, ఊరి చూపు మీద ఉంది. కరువు సాహిత్యంలో గడప ముందు నిలిచిన అప్పులవాడు ఎందుకంత భయంకరుడో ఇక్కడ తెలుస్తుంది. అతడు అడిగే సొమ్ము కన్నా, అడిగే గొంతు పక్కింటికి వినపడడం పెద్ద ఆపద.

4.2 జూదం: అనిశ్చితి

బండమీదపల్లిలో పుట్టిన సింగమనేని నారాయణ (1943-2021) మెట్టసేద్యానికి పెట్టిన పేరు 'జూదం'. ఆ శీర్షికలో ఒక జీవనసూత్రం ఉంది. జూదగాడికి ఓటమి ఖాయమని తెలిస్తే లేచిపోతాడు. అప్పుడప్పుడు గెలుపు ఉంటుంది కనుకనే కూర్చుంటాడు. ప్రతి సంవత్సరం పంట పోయే నేలను రైతు ఏనాడో వదిలేసేవాడు. మధ్యమధ్యలో పండే సంవత్సరమే అతణ్ణి మడి దగ్గర నిలుపుతుంది.

ముందుగా తెలియనిది, అదుపులో లేనిది ఒత్తిడి హార్మోన్లను అధికంగా ప్రేరేపిస్తుందని 1968 నాటికే జాన్ మేసన్ తన సమీక్షలో పేర్కొన్నాడు. జూదం అన్న రూపకం ఆ భావాన్నే రైతు భాషలో చెప్పింది. అయితే రూపకానికి ఒక పరిమితి ఉంది. జూదగాడు ఆటను ఎన్నుకుంటాడు. మెట్టరైతుకు ఆ ఎంపిక లేదు. పైగా ఈ ఆటలో పందెం కాసేవాడొకడు, ఏ పందెం పడినా వడ్డీ తీసుకునేవాడు మరొకడు. అందుకే 'జూదం' అన్న పేరును రైతు మనస్తత్వానికి వ్యాఖ్యగా కాక, అతడు చిక్కుకున్న వ్యవస్థకు వ్యాఖ్యగా చదవడం ఉచితం.

4.3 శప్తభూమి: తరాల ప్రశ్న

బండి నారాయణస్వామి నవల 'శప్తభూమి'కి 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పద్దెనిమిదవ శతాబ్దపు అనంతపురం సీమ దీని రంగస్థలం. శాపం అన్న మాట శీర్షికలో ఉన్నందున, ఈ నవలను వారసత్వంగా వచ్చిన విషాదానికి సాక్ష్యంగా చూపాలన్న ఆకర్షణ విమర్శకులకు సహజం. కాని చరిత్రను నవలగా రాయడమే శాపవాదానికి జవాబు. పాలకులు, కులాలు, చెరువులు, పన్నులు, యుద్ధాలు ఉన్న నేల మీద జరిగినదానికి కారణాలు వెదకవచ్చు. శాపానికి కారణం అడగలేం.

5. 'రక్తంలో జ్ఞాపకం': ఒక అపోహ

కరువు భయం తరతరాలకు రక్తంలో దిగుతుందన్న వాదానికి రెండు విదేశీ పరిశోధనలను ఆధారంగా చూపడం కనిపిస్తుంది. మొదటిది 1944-45 నాటి డచ్చి క్షామం. ఆ ఆకలిదినాలలో గర్భంలో ఉన్నవారిలో, ఆరు దశాబ్దాల తరువాత కూడా ఒక జన్యువు మీది రసాయన గుర్తులలో తేడా ఉందని 2008లో బాస్టియాన్ హైమాన్స్ బృందం తెలిపింది. అది ఎదుగుదలకు సంబంధించిన జన్యువు. అక్కడ గర్భస్థశిశువు స్వయంగా ఆకలికి గురైంది. ఒక తరం జ్ఞాపకం మరొక తరానికి చేరిందనడానికి అది నిదర్శనం కాదు. రెండవది, యూదుల మారణకాండ నుండి బయటపడినవారి సంతానంపై రేచల్ యెహుడా బృందం చేసిన అధ్యయనం (2016). పరిశీలించినవారి సంఖ్య స్వల్పం కావడం వల్ల దాని నిర్ధారణలపై శాస్త్రజ్ఞులలోనే విమర్శలున్నాయి.

సంతానానికి సంక్రమించగలదని వాదించదగినది శరీరపు స్పందనస్థాయి మాత్రమే. ధాత కరువు ఎలా ఉండేదో ఏ రసాయనమూ చెప్పదు. దానిని చెప్పినది భాష. 1876-78 క్షామాన్ని మన పెద్దలు 'ధాత కరువు' అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక. అంతకు ముందు 1832-33 నాటిది 'నందన కరువు'. అనంతపురం జిల్లాగా ఏర్పడినది 1882లో. అంటే జిల్లా కన్నా కరువు పేరు పాతది. వ్యక్తి మెదడులో దీర్ఘకాలిక ఒత్తిడి చెరిపివేసే స్థలకాలాలను, సమాజం సంవత్సర నామాల ద్వారా పదిలపరచింది. వానల కోసం ఊళ్లలో విరాటపర్వం చదివించడం కూడా అటువంటి ఏర్పాటే. ఒంటరిగా పడే భయాన్ని నలుగురిలో కూర్చుని వినే కథగా అది మారుస్తుంది.

తలచుకున్న స్మృతి మళ్లీ స్థిరపడవలసి ఉంటుందనీ, ఆ వ్యవధిలో అది మార్పుకు లోనవుతుందనీ 2000లో కరీమ్ నాడెర్, గ్లెన్ షాఫె, జోసెఫ్ లెడూ ఎలుకలలో చూపారు. కథ చెప్పే ప్రతిసారీ కథ కొంత మారుతుందని మౌఖిక సాహిత్య పరిశోధకులకు ముందే తెలుసు. రెండు విషయాలూ ఒకటేనని అనలేం గాని, స్మృతిని చెక్కిన శాసనంగా భావించే విమర్శకు రెండూ ప్రతికూలమే.

6. భయం రోగమా, తెలివా

భయస్మృతి పరిశోధనలో అగ్రగణ్యుడైన లెడూయే గత దశాబ్దంలో తన రంగపు పదజాలాన్ని సవరించాడు. ఆపదను పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేసే నాడీవ్యవస్థ వేరు, 'నేను భయపడుతున్నాను' అన్న ఎరుక వేరు అని అతని వాదం. ప్రయోగశాల ప్రధానంగా కొలుస్తున్నది మొదటిదాన్ని. సాహిత్యానికి విషయమైనది రెండవది. మొదటిదాని ఫలితాలను రెండవదానికి నేరుగా అన్వయించే విమర్శ, శాస్త్రజ్ఞుడే వదులుకున్న పొరపాటును తలకెత్తుకుంటున్నది.

ఇది పదజాలానికి మాత్రమే పరిమితమైన వివాదం కాదు. ఆపద గడచిపోయిన తరువాత కూడా భయం మిగిలితే దానిని చికిత్స అవసరమైన స్థితిగా వైద్యులు పరిగణిస్తారు. మెట్టరైతు ఆపద గడచిపోలేదు. వచ్చే జూన్‌లో అది మళ్లీ వస్తుంది. అతని భయం గతం మిగిల్చిన మచ్చ అనడం కన్నా, రాబోయేదానికి అతడు కట్టిన లెక్క అనడం సబబు. ఆ లెక్క చాలాసార్లు నిజమవుతుంది. ఈ భయాన్ని రోగంగా వర్ణించిన విమర్శకుడు తెలియకుండానే బాధ్యతను అప్పు, ధర, నీరు, బీమాల నుండి రైతు మెదడుకు మారుస్తున్నాడు. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన పనిచేసిన రైతు సంక్షేమ కమిషన్ వ్యవసాయ సంక్షోభపు మూలాలను ఆర్థిక విధానాలలో చూపింది. సాహిత్య విమర్శ అంతకన్నా వెనుకకు పోరాదు.

అలాగని మానసిక వేదన లేదని అనడం మరో అన్యాయం. ఆత్మహత్య జరిగిన ఇంట మిగిలిన భార్యకు ఆ ఉదయం ఒక క్షణమే. ఆ స్మృతికి ప్రయోగశాల చెప్పినవన్నీ వర్తించవచ్చు. ఆమెకు వైద్యసహాయం అందవలసిందే. ఇక్కడ శాస్త్రం మరో రకంగా ఉపకరిస్తుంది. 2004 నాటి జీ.ఓ. 421 ప్రకారం రైతు ఆత్మహత్యను డివిజను స్థాయి కమిటీ నిర్ధారించాలి. కళ్యాణదుర్గం నేడు రెవెన్యూ డివిజను కేంద్రం. అటువంటి విచారణలో అప్పు ఎప్పుడు, ఎంత, ఎవరి దగ్గర అన్న ప్రశ్నలకు క్రమం తప్పని సమాధానాలు కావాలి. ఒత్తిడిలో ఉన్న మనిషికి తెలిసిన సంగతి కూడా వెంటనే తోచకపోవచ్చునని డి క్వెర్వేన్ పరిశోధన సూచిస్తున్నది. ఆ ఫలితాన్ని విచారణ గదికి యథాతథంగా అన్వయించలేకపోయినా, మాటలోని తడబాటును అబద్ధంగా లెక్కించరాదనడానికి అది చాలు. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకుడికీ ఇదే హెచ్చరిక. పొందికగా చెప్పిన కథనమే నిజమనీ, తెగిపోయిన కథనం బలహీనమనీ భావిస్తే మన సేకరణలే పక్షపాతంతో నిండుతాయి.

7. ముగింపు

ఒత్తిడి హార్మోన్ల శాస్త్రాన్ని కరువు సాహిత్య విమర్శ విడిచిపెట్టాలని ఈ వ్యాసం కోరడం లేదు. దానిని పూర్తిగా చదవాలని కోరుతున్నది. స్మృతిని బిగించే హార్మోనే స్మరణను అడ్డగించగలదు. ఒక్క రాత్రి ఆపదకూ ఏడాది పొడుగునా సాగే నిరీక్షణకూ శరీరం ఒకే విధంగా స్పందించదు. సంతానానికి ఏది చేరినా, కరువు కథను చేర్చేది మాట మాత్రమే.

ఈ దిశలో పరిశోధించేవారు ఏ కరువు రచనను చేపట్టినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఇందులోని భయం సంఘటనకు చెందినదా, నిరీక్షణకు చెందినదా? భయపడుతున్న మనిషిని ఎవరి చూపు వెంటాడుతున్నది? అతని భయం అబద్ధమయ్యే అవకాశం అతని చుట్టూ ఉన్న వ్యవస్థ ఇచ్చిందా? మూడవ ప్రశ్నకు 'లేదు' అన్న జవాబు వచ్చిన చోట, విమర్శకుడు మెదడును వర్ణించడం ఆపి అప్పుపత్రాన్ని చదవవలసి ఉంటుంది. విశ్వం నుండి నారాయణస్వామి వరకు అనంతపురం రచయితలు కరువును నేలతోనూ మనుషుల సంబంధాలతోనూ కలిపే రాశారు. విమర్శ కూడా ఆ ఒరవడిని అందుకోవాలి.